మోటారూ, ఆరుగురు వస్తాదులూ

భార్య పోయింది, బావమరిది మిగిలాడు. ఇందులో న్యాయం లేదు. రంగులరాట్నం యజమాని ఈ విషయం ఏనాడో తేల్చేసుకున్నాడు.

ఆ ఉదయం అతని పథకం చాలా చిన్నది. పార్కు అధికారిణి వస్తుంది, రాట్నం తిప్పి చూపాలి, అనుమతి తీసుకోవాలి. అనుమతి రాకపోతే ఆ జాగా ఐస్‌క్రీం బండివాడికి పోతుంది. అతనికి వేరే బతుకుతెరువు లేదు. మోటారు కండెన్సర్ కాలిపోయి చాలా కాలమైంది. మీట నొక్కితే ఊరికే మూలుగుతుంది. చేత్తో కాస్త తోస్తే, ఎటు తోస్తే అటు తిరుగుతుంది. రోజూ తనే తోస్తాడు. కొత్త కండెన్సర్ దుబారా అని అతని అభిప్రాయం.

అధికారిణి వచ్చి చెక్కగుర్రం ఎక్కి కూర్చుంది. సరిగ్గా అప్పుడే బావమరిది వ్యాయామశాల నుంచి ఆరుగురు వస్తాదులను వెంటబెట్టుకొచ్చాడు.

"ఖాళీ రాట్నం తిప్పితే ఏం గొప్ప బావా? బరువుతో తిప్పుదాం. మేడమ్ నోరెళ్లబెట్టాలి!"

"వద్దురా!" అనేలోపే అందరూ ఎక్కేశారు. యజమాని నడిమి స్తంభానికున్న మీట నొక్కి, కిందికి దూకి తోశాడు. మోటారు మూలిగింది. రాట్నం కదల్లేదు.

"కరెంటు పెంచు బావా!"

"పెంచడానికి అదేమన్నా పొయ్యిమంటా? దాని సత్తువ అంతే. మించి బరువేస్తే నిలబడిపోయి, కాలి చస్తుంది. దిగండి ముందు!"

మేడమ్ తప్ప అందరూ దిగారు. దిగి ఊరుకోలేదు. తప్పు దిద్దుకుందామని ఏడుగురూ కలిసి తోశారు. గుర్రాల మూతులు ఎటున్నాయో ఒక్కడూ చూడలేదు. మీట ఇంకా వేసే ఉంది, మోటారుకు ముందూ వెనకా పట్టింపు లేదు. రాట్నం గిర్రున వెనక్కి తిరిగింది.

మొదటి చుట్టులో అధికారిణి "ఆపండయ్యా!" అంది. రెండో చుట్టులో "ఆపండ్రా!" అంది. మూడో చుట్టులో మాట రాలేదు, చెప్పు వచ్చి యజమాని భుజాన పడింది.

అతను బ్రేకు లాగాడు. ఆ బ్రేకు పట్టీ రాట్నం ముందుకు తిరిగితేనే బిగుస్తుంది. వెనక్కి తిరిగితే వదులవుతుంది. మీటేమో తిరిగే గుర్రాలకు అవతల ఉంది.

"బావా, ఇందాక మేమెక్కితే కదల్లేదుగా! మళ్లీ ఎక్కితే ఆగదూ?"

అక్క పెళ్లయిన నాటి నుంచి బావమరిది నోట పనికొచ్చే మాట రావడం అదే మొదలు. యజమాని మెచ్చుకోలేదు.

"ఎక్కి చావండి!"

వస్తాదులు ఒక్కొక్కరే పరిగెత్తి దూకారు. కొందరు గుర్రాలను కౌగిలించుకున్నారు, ఒకడు మేడమ్ హ్యాండ్‌బ్యాగును కౌగిలించుకున్నాడు. కాళ్లు నేలకు ఈడ్చారు. రాట్నం మందగించింది, మోటారు మూలిగింది, నిలబడిపోయింది. యజమాని పాకుతూ వెళ్లి మీట ఆపాడు.

అధికారిణి దిగి దీపస్తంభాన్ని పట్టుకుని చాలాసేపు నిలబడింది. ఐస్‌క్రీం బండివాడు అప్పుడే అడుగులతో జాగా కొలుస్తున్నాడు. యజమాని చేతులు జోడించాడు.

"బరువెక్కువైతే దానంతటదే ఆగుతోందిగా," అందామె కళ్లు మూసుకునే. "ఇంతకన్నా భద్రత నేనెక్కడా చూళ్లేదు. అనుమతి ఇస్తున్నా."

"చల్లగా ఉండండి మేడమ్!"

"కానీ నేను పరీక్షించింది వెనక్కి. అనుమతీ వెనక్కే. ముందుకు తిప్పారో, రద్దు."

అప్పటి నుంచి ఆ పార్కులో గుర్రాలు తోకలు ముందుపెట్టి పరిగెడుతున్నాయి. ఎందుకని పిల్లలడిగితే యజమాని, "టికెట్టు కావాలా వద్దా?" అంటాడు. అంతకు మించి ఆ సంగతి మీద ఈ జన్మలో నోరు విప్పడు.