గోడలు లేచిన అయస్కాంతాలు

అయస్కాంతాల్లోని రేణువులను కూడా కుటుంబాలుగా లెక్కించి, వాటి నిలకడ పరీక్షించాలని ఉత్తర్వు వచ్చేనాటికి గ్రంధి కోటిలింగం చేతిలో ఉన్నవి మూడు వందల ఫెరైట్ అయస్కాంతపు బిళ్లలు, ఇరవై రెండేళ్ల దుకాణం, మాట మీద నిలిచే మనిషన్న పేరు. స్పీకర్లలో వేసే ఆ బిళ్లలు పరీక్ష తప్పితే దుకాణం లైసెన్సు రద్దవుతుంది.

నిలకడ శాఖ అధికారిణి సుభాషిణి ఒక బిళ్లను విరిచి, సూక్ష్మదర్శిని కింద పెట్టి రేణువుల ఇళ్లు లెక్కపెట్టింది.

"ఇళ్లు మరీ పెద్దవైపోయాయండీ. చిన్న ఇంట్లో ఒకటే మాట. ఉత్తరమంటే ఉత్తరమే. పెద్ద ఇంట్లో వాటాలు పడతాయి, మధ్యన గోడలు లేస్తాయి. బయట ఎవరు లాగితే అటు జరుగుతాయవి."

"గోడ మీద పిల్లిని చూశాం గానీ, గోడే పిల్లి కావడమేంటమ్మా!"

"మధ్యలో ఖాళీ జాగాలున్నా ఆ గోడలు వాటికి తగులుకుని ఆగేవి. అవీ పూడ్చేశారు."

కోటిలింగం బట్టీ మేస్త్రి సన్యాసయ్య వైపు ఉరిమి చూశాడు.

"నన్ను చూత్తారేంటండి? ఇంకో ఆరు గంటలు మగ్గనీరా అన్నది తవరే. ఇదేమన్నా మావిడిపండా? సెగ ఎక్కువైతే పెద్ద రేణువు పక్కోణ్ణి మింగేత్తది. మా ఊళ్లో పొలాల్లాగే."

సుభాషిణి బిళ్లకు తీగ చుట్టి, కరెంటును అటూ ఇటూ మార్చింది. రేణువులు గొణగకుండా యాభైసార్లు పార్టీ మార్చాయి. ఆమె బిళ్లను తాకి చూసి ముచ్చటపడింది.

"ఇన్నిసార్లు తిరిగినా వేడెక్కలేదు! స్పీకర్లకు పనికిరావు గానీ, మా ఆఫీసుల్లో ఇలాంటివాళ్లకే కొరత. ఎటు తిప్పితే అటు తిరిగే మెత్తరకం కింద లైసెన్సు ఇస్తాను. యజమాని కూడా అదే రకమై ఉండాలి."

రూలు ప్రకారం కోటిలింగం నడుముకు తీగ చుట్టారు.

"నిలకడ మంచిదా, తిరగడం మంచిదా?"

"నిలకడేనమ్మా."

ఆమె లైసెన్సు కాగితం వెనక్కి లాక్కుంది.

"తిరగడమేనమ్మా."

కాగితం ముందుకొచ్చింది. పదకొండుసార్లు అడిగాక ఆమె అతని నుదురు తాకి, 'చల్లగా ఉంది' అని రాసి ముద్ర వేసింది.

సాయంత్రం కోటిలింగం లెక్క చూసుకున్నాడు. దుకాణం దక్కింది. సరుకంతా ఆఫీసుల్లో కుర్చీలెక్కింది. పేరు సంగతేమిటని బజారంతా వాకబు చేశాడు గానీ, ఎవరూ దాని లోటు గమనించలేదు. ఇక తన లోపల కొత్తగా లేచిన మూడు గోడలున్నాయి. ఖర్చు లేకుండా వచ్చినవి కదా అని వాటినీ లాభంలోనే కలుపుకున్నాడు.