ముందు చక్రం అన్నగారింట్లో

రంజాన్ పండగ రోజు పొద్దున్నే ఓముర్జాక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా తన మోటార్ సైకిల్ ముక్కలు మూడూ ఏరుకురావాలి, పదింటికి బిగించాలి, పన్నెండు కొట్టేసరికి ఆరు కిలోమీటర్ల ఎగువన చిక్కుడు చేలో పార పట్టుకుని నిలబడాలి. పన్నెండు నుంచి నాలుగు దాకా కాలువ నీళ్ళు అతని వంతు. తప్పితే మళ్ళీ పన్నెండు రోజులకు. చేను అప్పటికే పసుపు తిరిగింది. తలాస్ లోయలో చిక్కుడు ఎండితే ఆ ఏడు ఎండినట్టే. చలికాలానికి పిండీ ఉండదు, బొగ్గూ ఉండదు.

పండగ నాడు వంతు ఎవడికి కావాలి? ఎవడికీ అక్కర్లేదు కాబట్టే ఓముర్జాక్‌కి వచ్చింది. ఊరి పెద్ద చేనుకి వంతులుండవు. ఆయన చేను కనబడితే నీళ్ళు వాటంతటవే అటు తిరుగుతాయి. మిగతావాళ్ళు చీటీలు తీసి, దొరికింది తీసుకుని నోరు మూసుకుంటారు.

ఇక మోటార్ సైకిల్ మూడు ముక్కలుగా ఎందుకుందంటే, దొంగల భయం. పొరుగూళ్ళో వసంతంలో రెండు బండ్లు పోయాయి. ఓముర్జాక్‌ది పక్కన మనిషి కూర్చునే తొట్టి ఉన్న పాత ఉరల్ మోటార్ సైకిల్. గుర్రపుబండినీ నాలుగు గొర్రెల్నీ ఇచ్చి తెచ్చుకున్నాడు. కొట్టంలో తండ్రి నాటి ఇనుప సంకెల ఉంది. గుర్రం ముందుకాళ్ళకు వేసి తాళం తిప్పితే ఎంత మొనగాడైనా దాన్ని నడిపించుకుపోలేడు. ఆ సంకెల బండి చక్రానికి పట్టలేదు. ఓముర్జాక్ రెండు రోజులు ఆలోచించాడు. గుర్రం కాలు ఊడదీయలేం కాబట్టి సంకెల వేస్తాం. బండి కాలు ఊడదీయొచ్చు కదా! ఆ సాయంత్రం నుంచే ముందు చక్రం విప్పి అన్న తుర్సునాలి ఇంట్లో, బ్యాటరీ అక్క బురుల్చా ఇంట్లో, కార్బురేటర్ జూరకన్ పెద్దమ్మ ఇంట్లో పెట్టడం మొదలెట్టాడు. పొద్దున్నే గోడ మీంచి అందుకునేవాడు. పావుగంట పని.

"ఇవాళ గుర్రమెక్కి పోరాదా?" అంది భార్య జనిల్.

"పండగపూట ఊళ్ళోకి ఎవరెవరో వస్తారు. బండి నా కళ్ళముందే ఉండాలి."

"చక్రం లేని బండిని ఎవడు తీసుకుపోతాడయ్యా?"

"ఎవడూ తీసుకుపోలేడు. అదే కదా నేను చెప్పేది."

"మరి కళ్ళముందు ఎందుకు?"

ఓముర్జాక్ టోపీ పెట్టుకుని బయల్దేరాడు.

అన్నగారి గోడ మీద ఇవాళ చక్రం లేదు, గడపలో అన్నగారున్నాడు. నమాజు నుంచి వచ్చి, తెల్ల ఉన్ని టోపీ సర్దుకుంటూ తమ్ముణ్ణి చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"వచ్చావురా! పండగనాడు మొదటి అడుగు నా ఇంట్లో పెట్టావు. పదేళ్ళుగా చూస్తున్నా, ముందు ఆ ఊరి పెద్ద ఇంటికి పరిగెత్తేవాడివి."

"అన్నా, చక్రం..."

"చక్రం ఎక్కడికి పోతుంది? కూర్చో."

ఆ ఇంట్లో పరిచిన గుడ్డ ముందు కూర్చుని రొట్టె తుంచకుండా లేచినవాడు ఇంతవరకు లేడు. పండగనాడు అసలే లేడు. వదిన బోర్సోక్ కుప్ప పోసింది, వేడివేడిగా, నూనెలో వేగిన బొటనవేలంత పిండిముక్కలు. టీ గిన్నె ఖాళీ చేస్తే మళ్ళీ నింపింది. ఖాళీ చెయ్యకపోతే "రుచిగా లేదా?" అంది. పదీ ఇరవైకి అన్న లేచి, చక్రాన్ని తనే భుజాన వేసుకున్నాడు.

"బురుల్చా ఇంటికేగా? కలిసే పోదాం. పండగనాడు ఒక్కణ్ణే తిరగనిస్తే నన్నేమంటారు?"

అన్నతో పాటు వదినా, వదినతో పాటు ఆమె ఇద్దరు చెల్లెళ్ళూ వచ్చారు.

అక్క బురుల్చా పెరట్లోంచి తలెత్తి చూసింది. కనబడింది ఏమిటి? పెద్దన్న భుజం మీద మోటార్ సైకిల్ చక్రం, వెనకాల మొహం వాడిపోయిన తమ్ముడు, ఆ వెనక మౌనంగా ఆడవాళ్ళు. చేతిలో పళ్ళెం జారిపోయింది.

"అయ్యో! వద్దు వద్దంటే కొన్నాడు! గుద్దేశావట్రా? జనిల్ ఏది? అమ్మ ఏది? ఎవరు పోయారో చెప్పండి!"

"ఎవరూ పోలేదక్కా. నేను బ్యాటరీ కోసం వచ్చాను."

"చూశారా, ఇంకా బ్యాటరీ అంటున్నాడు! షాకు కొట్టినట్టుంది!"

గోడ అవతల పొరుగింటామె ఈ మాట విని ఇవతల ఏం జరిగిందో చూడ్డానికి ఆగలేదు. వార్త పట్టుకుని వీధిలోకి పోయింది. ఇక్కడ అక్కని ఓదార్చడానికి రెండు గిన్నెల టీ పట్టింది. ఆమె ఏడుపు ఆపి నవ్వడం మొదలెట్టాక మరో గిన్నె. బావ బ్యాటరీ ఎత్తుకున్నాడు. పదకొండు అయింది.

"బావా, ఇటివ్వు, నేను పరిగెత్తుతా," అన్నాడు ఓముర్జాక్.

"తిన్నాక పరిగెత్తకూడదు. అరగదు."

జూరకన్ పెద్దమ్మ ఇంటికి చేరేసరికి వీళ్ళు పధ్నాలుగు మంది. కానీ వార్త వీళ్ళకంటే ముందే చేరింది. బండి రెండు ముక్కలైందట, ఓముర్జాక్ లోయలో పడ్డాడట, ఎవరో పైకి లాగారట. ఎనభై రెండేళ్ళ పెద్దమ్మ ఆలోచిస్తూ కూర్చునే మనిషి కాదు. చెల్లెలి కొడుకు ప్రాణంతో బయటపడ్డాడు కాబట్టి దేవుడికి చెల్లించాల్సింది చెల్లించాలని పొట్టేలుని కోయించేసింది. పెరట్లో పెద్ద కళాయి కింద మంట లేచింది.

"నా తండ్రీ!" అని మొహమంతా తడిమింది. "ఎక్కడ తగిలింది?"

"ఎక్కడా తగల్లేదు పెద్దమ్మా. నేను బండే ఎక్కలేదు!"

పెద్దమ్మ జనం వైపు తిరిగి గొంతు తగ్గించింది. "తలకే తగిలింది. ఎక్కిన సంగతే గుర్తులేదు పాపం."

"పెద్దమ్మా, నా చేను! పన్నెండింటికి నా వంతు! కార్బురేటర్ ఇప్పించు!"

"నీ పేరు మీద పొట్టేలు తెగింది. మాంసం ఉడికి, నువ్వు మొదటి ముక్క తినకుండా కదిలితే దేవుడు మొహం తిప్పుకుంటాడు. నీళ్ళంటావా, దేవుడు చూసుకుంటాడు."

దేవుడు చూసుకుంటాడని చెప్పేవాళ్ళకి సాధారణంగా చేను ఉండదు. ఓముర్జాక్ కళాయి పక్కన కూర్చుని మంటలోకి పుల్లలు తోస్తూనే ఉన్నాడు, అతనికి చేతనైన తొందర అదొక్కటే. వీధి వీధంతా వచ్చి, అతని చేతులూ కాళ్ళూ లెక్క చూసుకుని, అన్నీ ఉన్నందుకు కొంచెం నిరాశపడి, టీకి కూర్చుంది. పన్నెండు కొట్టింది. అతను గడియారం తీసి జేబులో పెట్టుకున్నాడు. ఒంటిగంటకి మొదటి ముక్క నోట్లో పెట్టారు. నమిలాడు, మింగాడు, ఏడవలేదు.

"ఇక అమ్మ దగ్గరికి పోదాం, పండగ దీవెన తీసుకోవాలి," అన్నాడు తుర్సునాలి. తల్లి ఉండేది చిన్నకొడుకు ఓముర్జాక్ దగ్గరే. అందరూ లేచారు. ముందు చక్రం, తర్వాత బ్యాటరీ, తర్వాత పెద్దమ్మ కొంగులో మూటకట్టిన కార్బురేటర్, ఆ వెనక మిగిలిన మాంసంతో కళాయి. ఊళ్ళో ఇంత పెద్ద ఊరేగింపు ఎన్నికలప్పుడు కూడా జరగలేదు.

ఇంట్లో గుడ్డ పరిచి ఉంది. రొట్టెలున్నాయి, మనుషుల్లేరు. పెరట్లో మొద్దు మీద ఆనించిన ఉరల్ లేదు.

ఓముర్జాక్ మొద్దు పక్కన కూలబడ్డాడు. నీళ్ళూ పోయాయి, బండీ పోయింది. "అంతా పోయింది అన్నా. అటు చేను, ఇటు బండి."

"చక్రం లేకుండా ఎట్లా తీసుకుపోయార్రా?" అన్నాడు బావ, బ్యాటరీని గట్టిగా పట్టుకుంటూ.

బురుల్చా ఇల్లంతా వెతికి బయటికొచ్చింది. "అమ్మ కూడా లేదు!"

"అమ్మనెవడు ఎత్తుకుపోతాడే?" అన్నాడు తుర్సునాలి.

"బండిని ఎత్తుకుపోయినవాడు!"

"వాడెవడో గాని పాపం," అంది జూరకన్ పెద్దమ్మ. "సాయంత్రానికల్లా తెచ్చి దింపేస్తాడు. నా చెల్లెలు నాకు తెలీదా?"

అప్పుడు తుర్సునాలికి దుమ్ములో గీత కనబడింది. రెండు చక్రాల జాడ, వాటి ముందు జానెడు వెడల్పున ఏదో పలకని ఈడ్చిన గీత, ఆ ముందు గుర్రపు డెక్కలు. గీత వీధి దాటి, కాలువ గట్టెక్కి, కొండవైపు పోయింది. ఇరవై ఆరు మంది ఆ గీత వెంట నడిచారు.

గీత చిక్కుడు చేను గట్టున ఆగింది. అక్కడ ఉరల్ ఉంది. ముందు చక్రం ఉండాల్సిన చోట గొర్రెలదొడ్డి తలుపు చెక్క కట్టి ఉంది, దానికి తాళ్ళు, తాళ్ళ చివర గుర్రం గడ్డి మేస్తోంది. పక్క తొట్టిలో ఓముర్జాక్ తల్లి పగ్గాలు చేతపట్టుకుని, కొత్త పండగ తలగుడ్డ చుట్టుకుని, రాణిలా కూర్చుంది. చేలో జనిల్ మోకాళ్ళదాకా నీళ్ళలో పార వేస్తోంది. మూడొంతుల చేను నల్లగా తడిసి మెరుస్తోంది.

గట్టు మీద, కాలువ వంతులు చూసే నీరుగంటి మెదెర్‌బెక్ చీటీ చూసుకుంటూ అన్నాడు. "పన్నెండుకి ఐదు నిమిషాల ముందే వచ్చారు. నీకంటే నీ బండి నయమయ్యా, మాట నిలబెట్టుకుంటుంది."

"దొంగలు తీసుకుపోయారనుకున్నా!" అన్నాడు ఓముర్జాక్.

"నేనే తీసుకొచ్చా," అంది జనిల్ పార ఆపకుండా. "పదిన్నర దాకా చూశాను. అత్తమ్మని ఒక్కదాన్నే వదలలేను, ఆమె మోకాళ్ళతో గుర్రమెక్కలేదు, గుర్రపుబండిని నువ్వు అమ్మేశావు. ఇంకేం చెయ్యమంటావు?"

"చెక్క కట్టమన్నది నేనే," అంది తల్లి తొట్టిలోంచి. "మా కాలంలో గడ్డి అలాగే లాగేవాళ్ళం. ఇరవై రోజులుగా ఊరంతా తిరిగి దాచుకున్నావు కదరా, దొంగలు తీసుకుపోలేరని? మాకు పావుగంట కూడా పట్టలేదు."

ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే అప్పటికే కళాయి దింపి మాంసం పంచుతున్నారు. తుర్సునాలి చక్రాన్ని గట్టు మీద పడుకోబెట్టి దాని మీద కూర్చున్నాడు. తల్లి తొట్టిలోంచే అందరికీ దీవెనలిచ్చింది. ఓముర్జాక్ బూట్లు విప్పి, భార్య చేతిలో పార తీసుకుని, మిగిలిన పావు చేనులోకి దిగాడు. నాలుగింటికి చివరి సాలు తడిసింది.

మర్నాటి నుంచి అతను చక్రం విప్పలేదు. బండిని లాక్కుపోయేది గుర్రమే కదా అని ఆలోచించి, కొట్టంలోని ఇనుప సంకెల దులిపి, గుర్రం ముందుకాళ్ళకు వేసి తాళం తిప్పాడు.

తాళంచెవి అమ్మ దగ్గరుంది.