చంద్రరావుగారి జీతంలో మూడో వంతు

మా పట్టణంలో జీతం జప్తు కావడం అవమానం కాదని ముందుగా మనవి. పరోపకారానికి కోర్టువారిచ్చే గుర్తింపు అది.

ఆ గుర్తింపు పొందిన మహనీయులు మా పక్కింటి చంద్రరావుగారు. ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు. చీటీ పాడుకున్న వాళ్లెవరైనా హామీ కాగితం పట్టుకుని ఆయన బల్ల దగ్గరకు వస్తే చాలు. దాన్ని చదివి ఎదుటివారిని చిన్నబుచ్చే అలవాటు ఆయనకు లేదు. "సంతకం ఎక్కడండీ పెట్టాలి?" అని మాత్రమే అడిగేవారు.

అలాగే ఆఫీసులో తోటి ఉద్యోగి వీరబ్రహ్మం చీటీ పాడి, స్కూటరు కొనుక్కుని, వాయిదాలు కట్టడం మరిచారు. చీటీల కంపెనీ కోర్టులో డిక్రీ తెచ్చుకుంది. వీరబ్రహ్మం జీతం అప్పటికే మరో అప్పు కింద జప్తులో ఉంది కనుక, హామీదారు చంద్రరావుగారి జీతంలో సుమారు మూడో వంతు నెలనెలా ఆఫీసులోనే కోసి కోర్టుకు పంపసాగారు. సాయంత్రం ఆయన్ని ఇంటిదగ్గర దింపేది మాత్రం వీరబ్రహ్మమే, ఆ స్కూటరు మీదే. కృతజ్ఞత అంటే అదీ.

ఆ కోత మరో ఏడాదికి పూర్తవుతుందనగా, ఆయన సంతకాలు పట్టుకుని ఇంకో రెండు కంపెనీలు కోర్టు మెట్లెక్కాయి. కూతురు దుర్గాశ్రీ పదో తరగతిలో ఉంది. వచ్చే ఏడు పాలిటెక్నిక్‌లో చేర్చాలి. ఫీజు కోసం తనే చీటీ పాడదామని ఆయన భార్య పాపాయిగారు వీరబ్రహ్మాన్ని హామీ అడిగారు.

"అయ్యో చెల్లెమ్మగారూ, మీకు కాదంటానాండీ? సంతకాలు పెట్టొద్దని మా ఆవిడ ఒట్టేయించుకుందండి!" అన్నారాయన, స్కూటరు తుడుచుకుంటూ.

పాపాయిగారు అటునుంచి అటే ప్లీడరు నాగేశ్వరప్రసాద్‌గారి దగ్గరకు వెళ్లారు.

"ఆ కోసిన సొమ్ము ఎవరికిస్తారండీ?"

"డిక్రీ ఉన్నవాళ్లకమ్మా. ముందొచ్చినవాళ్లు తీసుకుంటున్నంతకాలం మిగతావాళ్లు ఆగాల్సిందే."

"భార్యకివ్వరా?"

"భార్యయితే ఇవ్వరు. అప్పిచ్చినావిడైతే ఇస్తారు."

పాత హామీల కోసమే పాపాయిగారు పుట్టింటి గాజులమ్మి భర్త చేతిలో పెట్టి ఉన్నారు. మర్నాడు ఆ సొమ్ముకు ప్రామిసరీ నోటు రాయించి, కాఫీతోపాటు అందించారు.

"ఎక్కడ పెట్టాలే?" అన్నారు చంద్రరావుగారు.

ఆ నోటు మీద ఆవిడ దావా వేయగా వచ్చిన కోర్టు నోటీసు మీదా, బాకీ నిజమేనని ఒప్పుకునే కాగితం మీదా అదే ప్రశ్న, అదే సంతకం. కంపెనీల దావాలు వాయిదాలు పడుతుండగానే పాపాయిగారికి డిక్రీ వచ్చేసింది. పాత కోత ముగిసిన నెలలోనే కొత్త కోత మొదలైంది.

"మళ్లీ ఎవరయ్యా?" అని క్యాషియర్ని అడిగారు చంద్రరావుగారు.

"మీ ఇంటావిడేనండి."

"పోన్లే, తెలిసినావిడే" అని ఊపిరి పీల్చుకున్నారాయన.

పెళ్లయ్యాక భర్త జీతం తన చేతికి రావడం పాపాయిగారికి అదే మొదలు. దుర్గాశ్రీ పాలిటెక్నిక్‌లో చేరింది. ఆఫీసులో చంద్రరావుగారికి సన్మాన సభ పెట్టారు. "ఎన్నో కుటుంబాలను నిలబెట్టిన ఈ దాత, చివరికి సొంత కుటుంబాన్ని కూడా విస్మరించలేదు!" అని సూపరింటెండెంటుగారు గద్గదస్వరంతో ప్రసంగించారు. శాలువా కప్పింది వీరబ్రహ్మం. అది కొన్నది చందాలతో. చందాలో పెద్ద మొత్తం చంద్రరావుగారిది.

ఇప్పుడు ప్లీడరుగారి వరండాలో ఆ ఆఫీసు ఇల్లాళ్లకు కూర్చోడానికి బెంచీలు చాలడం లేదు. ముందు వరుసలో వీరబ్రహ్మంగారి ఆవిడ.

ఇది చదివి మగవారెవరూ కంగారు పడనక్కర్లేదు. రేపు పొద్దున్న కాఫీతోపాటు మీ ఆవిడ ఏదైనా కాగితం అందిస్తే, ఊళ్లోవాళ్లకు పెట్టినట్టే చదవకుండా సంతకం పెట్టండి. ఇంట్లోవాళ్ల దగ్గర మాత్రం చదివి పెడితే, మీ మంచితనం మీద నలుగురికీ అనుమానం రాదూ?