తాళం తీసి పెట్టు

ఏడాదిలో రెండు సైకిళ్ళు పోగొట్టుకున్న ప్రూఫ్ రీడరుకు ఆ ఉదయం భార్య తన సైకిలు అప్పగించింది. మొదటి జీతంతో ముచ్చటపడి కొనుక్కున్న సైకిలది.

"ఇదీ పోతే మిమ్మల్ని ఏమీ అనను. అసలు మాట్లాడను," అంది.

ఆవిడ మాట్లాడకపోతే ఇల్లు ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. అందుకే ప్రెస్సు ముందున్న ఇనప కమ్మీకి సైకిలును గొలుసుతో చుట్టి, రెండు తాళాలు బిగించి, ఒకటికి రెండుసార్లు లాగి చూసి మరీ మూడో అంతస్తు ఎక్కాడు. కూర్చున్నాక జేబు తడుముకుంటే తాళంచెవులు లేవు. వాటిని తాళానికే వదిలేసి వచ్చాడు. దిగుదామంటే, ప్రూఫులు ఇస్తేగానీ కదలనని ఫోర్‌మన్ నెత్తిమీద నుంచున్నాడు. ఎదురుగా టైలరు షాపు నడిపే బావమరిదికి ఫోన్ చేశాడు.

"నా సైకిల్ తాళం తీసి పెట్టు. మధ్యాహ్నం వచ్చి తీసుకుంటా."

పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ తప్పులు దిద్దే మనిషికి తన వాక్యంలోని తిరకాసు తట్టలేదు. బావమరిది చెప్పింది చెప్పినట్టు చేసే రకం. రెండు తాళాలూ తీసి, గొలుసు విప్పి, అన్నీ కమ్మీ పక్కన పొందిగ్గా పెట్టి, వెళ్ళి మళ్ళీ కత్తెర పట్టుకున్నాడు.

మధ్యాహ్నానికి తాళాలున్నాయి, సైకిలు లేదు.

"తీసి పెట్టమంది నువ్వే కదా బావా?"

"తాళంచెవి తీసి దాచమన్నానురా."

"చెవి అన్లేదు."

ఇద్దరూ నాలుగు వీధులు గాలించి పోలీస్ స్టేషనుకు చేరారు. తాళం ఎవరు తీశారని కానిస్టేబులు అడిగాడు. ప్రూఫ్ రీడరు నిజాయితీగా బావమరిదిని చూపించాడు. కానిస్టేబులు అన్నీ రాసుకుని, బావమరిదిని బెంచీమీద కూర్చోబెట్టి, ఈయన్ని ఇంటికి పొమ్మన్నాడు.

దారి పొడుగునా ఆయన క్షమాపణ కూడబలుక్కున్నాడు. కాళ్ళీడ్చుకుంటూ గుమ్మం ఎక్కితే, ముందుగదిలో సైకిలుంది. దాని హ్యాండిలుకు ఆయన మర్చిపోయిన క్యారేజీ వేలాడుతోంది.

"అన్నం ఇద్దామని వచ్చా. సైకిలు చూస్తే తాళం లేకుండా దిక్కులేనిదానిలా పడుంది. ఒళ్ళు మండి రెండూ వెనక్కి తెచ్చేశా," అంది భార్య. ఇంకా చాలాసేపు తిట్టింది. ఆ తిట్లు వింటుంటే ఆయనకు పోయిన ప్రాణం లేచొచ్చింది, కళ్ళు చెమర్చాయి.

"ఎంత మాటన్నా పడతాను. ముందు స్టేషనుకెళ్ళి వాణ్ణి విడిపించుకొస్తా," అన్నాడు.

"ఎవర్ని?"

"మీ తమ్ముణ్ణి."

ఆవిడ మాట్లాడటం ఆపేసింది.