మెడ కొలవని బజారు

తాను చేసిన వస్తువు ఎవరు కొన్నారో చేసినవాడికి తెలియకపోవడం కంటే గొప్ప సుఖం ఈ లోకంలో ఇంకొకటి లేదని ఘంటాపథంగా చెబుతున్నాను!

నవ్వకండి. నా దగ్గర సాక్షి ఉన్నాడు. మా అక్క మొగుడే ఆ సాక్షి. మా బావ దిండ్లు కుడతాడు.

ఆన్‌లైన్ బజారు ఎరగని రోజుల్లో ఆయన బతుకు ఎంత అధ్వానంగా ఉండేదో వినండి. దిండు కావాలని ఎవరైనా కొట్లో అడుగుపెడితే, ఒకటి తీసి చేతిలో పెట్టి పంపించేయడం ఆయనకు చేతనయ్యేది కాదు. కొట్టు మధ్యలో ఒక బల్ల ఉంది. "ఒక్కసారి పడుకోండి" అనేవాడు. కొనడానికి వచ్చినవాళ్ళు చెప్పులు విప్పి ఆ బల్ల మీద పడుకోవాలి! వెల్లకిలా పడుకుంటారా, పక్కకి తిరుగుతారా? చెవికీ భుజానికీ ఎడమెంత? గురక ఉందా? అన్నీ విచారించి, జానతో కొలిచి, గుప్పెడు దూది తీసి, మళ్ళీ కూరి, మళ్ళీ కాస్త తీసి, మెడ కింద చక్కగా ఒదిగాక అప్పుడు మూతి కుట్టేవాడు. ఈలోగా సగం మంది బల్ల మీదే నిద్రపోయేవారు. వాళ్ళని లేపి ఇళ్ళకి పంపడం మా అక్క డ్యూటీ.

కొన్నవాళ్ళు అక్కడితో ఊరుకునేవారా? నెల తిరక్కుండా మళ్ళీ వచ్చి "మెడనొప్పి పోయిందండీ!" అని కబుర్లకి దిగేవారు. ఆ ఒక్క ముక్కకే మా బావ పొంగిపోయి, రెండు పూటలా అదే మాట మా అక్కకి చెప్పి ఆవిడ ప్రాణం తీసేవాడు. ఎంత వెనకబాటుతనమో చూశారా?

తర్వాత జనం ఫోన్లో కొనడం మరిగారు. కొట్లో ఈగలు మాత్రం మిగిలాయి. ఇలాగే ఉంటే షట్టరు దించేసి, బావ ఏ పరుపుల ఫ్యాక్టరీలోనో పనికి కుదరాల్సిందే. అప్పుడు మా అక్క కొంగు బిగించింది.

"ఒకరి పంచన చేరడం దేనికి? మన కొట్టు మనకే ఉండాలి" అని తనే కూర్చుని, నేర్చుకుని, ఒక వెబ్‌సైట్ తయారుచేసింది. ముచ్చటగా ఉంది. దిండు బొమ్మ నొక్కితే దిండు ఇంటికొస్తుంది.

మా బావ ఒప్పుకుంటేగా! "మెడ చూడకుండా దిండెలా పంపుతామే?" అన్నాడు. అంతే, కొనే బటనుకి ముందు ప్రశ్నలు వెలిశాయి. ఏ పక్కకి పడుకుంటారు? నిద్రలో దొర్లుతారా? గురక పెడతారా? ఈ ప్రశ్నకి జవాబు మీరు రాయకండి, పక్కన పడుకునేవారి చేత రాయించండి.

ఈ చివరి ప్రశ్న వల్ల ఎన్ని కాపురాల్లో గొడవలు రేగాయో నాకు తెలియదు. ఆర్డర్లు మాత్రం రాలేదు. ఒక పెద్దమనిషి అన్నిటికీ ఓపికగా జవాబులు రాసి, ఆఖరి గడిలో "ఊరికే చూస్తున్నాను" అని రాశాడు. రోజూ తప్పకుండా సైటుకి వచ్చే ఆ ఒక్క మనిషీ ఎవరా అని ఆరా తీస్తే, పనిచేస్తోందో లేదో చూసుకునే మా అక్క! సొంత కొట్టంటే ఇదండీ సంబడం.

చివరికి బావ బుద్ధి తెచ్చుకుని పెద్ద ఆన్‌లైన్ బజారులో చేరాడు. ఇక చూడండి వైభోగం!

ఆ బజారులో పెట్టే ఫోటోలో వస్తువు వెనకాల ఏమీ కనబడకూడదట. ఉంటే వాళ్ళ మిషనే చెరిపేస్తుంది. బావ తెల్ల దిండుని తెల్ల గోడ ముందు ఒంటిచేత్తో పట్టుకున్నాడు, అక్క ఫోటో తీసింది. మిషను గోడని చెరిపింది. దిండు కూడా గోడే అనుకుని దాన్నీ చెరిపింది. మోచేతి దాకా మా బావ చెయ్యి మిగిలింది. దాని కింద "మెత్తగా ఉంటుంది, దూదితో నింపినది, ఉతుక్కోవచ్చు" అని రాసి అమ్మకానికి పెట్టేశారు.

ఆర్డర్లు వరదలా వచ్చాయి! ఎవరు కొన్నారని నన్నడక్కండి, అది బావక్కూడా తెలియదు. "చెయ్యి వస్తుందనుకుంటే దిండు వచ్చింది, ఒక నక్షత్రం" అని ఒకరు రాశారు. "దిండు పర్వాలేదు, ఎడమ చెయ్యి కూడా ఉందా?" అని ఇంకొకరు. ఇది కొన్నవాళ్ళు గోళ్ళరంగు కూడా కొంటున్నారని బజారు సలహా ఇచ్చింది. ఫోటో మార్చమని బావ మొరపెట్టుకుంటే, "మీ వస్తువు చక్కగా అమ్ముడుపోతోంది, మార్పు అవసరం లేదు" అని జవాబు. సొంత సైటులో ఎంత తపస్సు చేస్తే దొరుకుతుందండీ ఈ కీర్తి?

రిటర్నుల భాగ్యం వేరే చెప్పాలా? బావ కొత్త దిండు పంపితే కొందరు పాత దిండు తిప్పి పంపేవారు. నూనె మరకలతో, చొంగ చారలతో, ఒకటైతే లోపల పిల్లవాడి సాక్సుతో సహా! పైసా ఖర్చు లేకుండా ఇంతమంది నిద్రలతో పరిచయం ఇంకెవరికి దక్కుతుంది?

బావకి మాత్రం పాత రోగం వదల్లేదు. "మెడకి హాయిగా ఉందా? లేకపోతే కొట్టుకి రండి, సరిచేస్తాను" అని చీటీ రాసి పార్శిల్లో పెట్టాడు. మర్నాడే హెచ్చరిక వచ్చింది. కస్టమర్లు ఆ బజారు కంపెనీవారి సొత్తట, వాళ్ళని నేరుగా పలకరించకూడదట, ఇంకోసారి జరిగితే ఖాతా మూసేస్తారట. బావ ఆ హెచ్చరిక చదివి, "మెడ కూడా వాళ్ళదేనా?" అని అడిగాడు. ఆయన అమాయకత్వానికి నాకు జాలేసింది.

ఇలా హాయిగా సాగిపోతుండగా, ఒక ఉదయం ఎదురు కొట్టు టైలరమ్మ మెడ ఒక పక్కకి వంచుకుని, చంకలో దిండుతో వచ్చింది.

"అన్నయ్యగారూ, ఫోన్లో కొన్నానండీ. దీని మీద పడుకున్న నాటినుంచీ మెడ తిరగడం లేదు. మీకు ఈ పని తెలుసుగా, కాస్త చూస్తారా?"

బావ దిండు అందుకుని మూతి దగ్గర కుట్టు చూశాడు. తన కుట్టే! ఆ దిండు ఈ కొట్లో లారీ ఎక్కి, ఎక్కడెక్కడి గోడౌన్లలోనో తిరిగి, రోడ్డుకి అవతలి పక్క దిగింది.

నోటి దాకా వచ్చిన మాటని ఆయన మింగేశాడు. చెబితే ఖాతా పోతుంది, ఖాతా పోతే కొట్టు పోతుంది. మెడ కొలిచి, రెండు గుప్పిళ్ళ దూది తీసి, మళ్ళీ కుట్టి ఇచ్చాడు. ఆమె వెళ్ళాక మా అక్క మండిపడింది.

"మీదేనని ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"చెప్పొచ్చు. ఖాతా పోతే రేపణ్ణించి మళ్ళీ నీ సైటే గతి, అందులో ప్రశ్నలకి జవాబులెవరిస్తారు?" అన్నాడు బావ. నవ్వబోయి నవ్వలేకపోయాడు.

వారం తిరక్కుండా టైలరమ్మ నిటారైన మెడతో వచ్చింది. "మెడనొప్పి పోయిందండీ!" అంది. ఎన్నాళ్ళయిందో ఆ మాట విని! మా బావ మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది. నేను అక్కడే ఉన్నాను, కళ్ళారా చూశాను.

"ఆ కంపెనీ వాళ్ళకి అయిదు నక్షత్రాలు ఇచ్చేశానండీ. మొదట్లో గట్టిగా ఉన్నా, వాళ్ళ దిండు ఎంత బాగుందో! మీరు కూడా వాళ్ళలా కుట్టడం నేర్చుకోకూడదూ?" అని మంచి మనసుతో సలహా ఇచ్చి, గబగబా రోడ్డు దాటి వెళ్ళిపోయింది.

బావ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఎదురుగా ఆమె కూర్చుని కుట్టుమిషను తొక్కడం మొదలుపెట్టింది.

"అది నేను కుట్టిందేనమ్మా" అన్నాడు మెల్లగా.

మిషను చప్పుడులో ఆమెకి వినబడలేదు. దేవుడి దయవల్ల, ఖాతా భద్రంగా ఉంది.