నీళ్లొచ్చే వేళకి

మల్లేశ్వరి భయమల్లా ఒక్కటే: తాను వాషింగ్ మెషిన్ సర్క్యూట్ బోర్డు లోపల ఉండగానే కుళాయి నీళ్లు వచ్చేస్తాయేమోనని. ఆ ఇంట్లో మెషిన్‌కీ, నీళ్ల మోటరుకీ ప్లగ్గూ స్విచ్చీ ఒకటే. పైపులో గాలి గుర్రుమనగానే అత్త అంకమ్మ చేతిలో పని వదిలేసి పరిగెత్తి ఆ స్విచ్చి వేస్తుంది. ఆ వీధి కుళాయికి వేళంటూ లేదు.

బోర్డు పాడైతే ఇంట్లో చిన్న చేతులున్నవాళ్లు లోపలికి దిగి బాగుచేయడం మామూలే. కంపెనీ కూడా అభ్యంతరం చెప్పదు; దిగే మనిషి గాజులు తీసి, చెప్పులు విడవాలి, అంతే. మల్లేశ్వరి రెండూ చేసింది. తొమ్మిదిలోనే బడి మాన్పించారు కాబట్టి బోర్డు మీది ఇంగ్లీషు అక్షరాల్ని కూడబలుక్కుంటూ, కాలిన వాసన వెంట నడిచింది. మొన్న ఇక్కడినుంచే నిప్పురవ్వ లేచి, పక్కనున్న పాప ఉయ్యాల చీర అంచు మాడింది. పాప ఇప్పుడు ఆ ఉయ్యాలలోనే నిద్రపోతోంది.

"ఏమయ్యా, ప్లగ్గు పీకావా?" అని లోపలినుంచి అరిచింది.

"స్విచ్చి ఆపాగా," అన్నాడు భర్త కోటేశ్వరరావు, ఫోన్లో రిపేరు వీడియో చూస్తూ.

"ముందు పీకు. మీ అమ్మ సంగతి నీకు తెలవదా?"

"పీకితే నీళ్లొచ్చేటప్పటికి మళ్లీ ఎవరు పెడతారే? కాలింది కనపడిందా లేదా?"

కనపడింది. బిందెంత ముక్క, నల్లగా మాడిపోయి ఉంది. ఊడబెరికింది. అటొక తీగ, ఇటొక తీగ మిగిలాయి. వాటి మధ్య ఎడం సరిగ్గా ఆమె బారంత ఉంది. అది ఆమెకు నచ్చలేదు.

అప్పుడే పైపు గుర్రుమంది.

"నీళ్లొచ్చాయిరో!"

"అమ్మా, ఆగు! మల్లేశ్వరి లోపలుంది!"

"నేనాగుతా. నీళ్లు ఆగుతాయంట్రా?" అని అంకమ్మ స్విచ్చి వేసింది.

తీగల్ని వదిలేస్తే నిప్పురవ్వ లేస్తుంది. మల్లేశ్వరి ఉయ్యాల వైపు చూసి, రెండు చేతులూ చాపి తీగలు పట్టుకుంది.

మెషిన్ తిరిగింది. కొన్నప్పుడు కూడా అంత నిశ్శబ్దంగా తిరగలేదు. మెషిన్ మీది లైటు వెలిగింది. వీడియో కూడా అక్కడితో అయిపోయింది. బయటికి రావడం గురించి అందులో లేదు. కోటేశ్వరరావు కంపెనీకి ఫోన్ చేశాడు.

"మెషిన్ తిరుగుతోందా సార్?"

"తిరుగుతోందమ్మా. మా ఆవిడే..."

"తిరుగుతోంది కాబట్టి కంప్లైంట్ మూసేస్తున్నాం సార్."

స్విచ్చి ఆపి ప్లగ్గు పీకితే ఆమె చేతులు వదిలి బయటికి రావచ్చు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. కానీ నీళ్లు వస్తున్నప్పుడు పీకలేరు. రానప్పుడు పీకుదామంటే ఎప్పుడొస్తాయో తెలియదు. అందుకని అంకమ్మ రోజూ మూత దగ్గర నోరుపెట్టి, "పాప పాలు తాగిందే, నువ్వు కంగారుపడి చేతులు వదలమాక," అని చెబుతుంది. లైటు ఒకసారి మిణుకుమంటుంది.

"మీ కోడలు కనపడటం లేదేం?" అని పక్కింటావిడ అడిగింది.

"ఇంట్లోనే ఉందమ్మా, పనిలో ఉంది."

"అదృష్టవంతురాలివి వదినా."

మీ ఇంట్లోనూ మెషిన్ ఏ గొడవా లేకుండా తిరుగుతుంటే, ఇది పక్కన పెట్టి ఒకసారి వెళ్లి మూత మీద తట్టండి. అన్నం తిన్నావా అని అడగండి. లైటు మిణుకుమంటే ఎవరికీ ఫోన్ చేయొద్దు. ముందు ప్లగ్గు పీకండి.