మా ఇంట్లో లాస్‌లెస్ వెలసిన వైనం

దేశంలో ఇన్ని సంసారాలు ఎందుకు గొడవల్లో ఉన్నాయో నేను కనిపెట్టాను. అత్తలు కాదు, కోడళ్లు కాదు, సెల్‌ఫోన్లు అసలే కాదు. పాటలు నాసిరకంగా వినడం వల్ల! నవ్వేవాళ్లు నవ్వండి. లాస్‌లెస్ సంగీతం పెట్టించుకున్నాక మా ఇంట్లో ఒక్క గొడవ కూడా జరగలేదు. గొడవ పడాలంటే ఇద్దరు మాట్లాడుకోవాలి కదా?

లాస్‌లెస్ అంటే ఏమిటో తెలియని అభాగ్యుల కోసం చెబుతాను. నెట్టులో పాట పంపేటప్పుడు బరువు తగ్గించడానికి కొన్ని ముక్కలు తీసేస్తారట. మనిషి చెవి వాటిని ఎలాగూ పట్టుకోలేదని వాళ్ల ధీమా. మనం ఇన్నాళ్లూ సిగ్గు లేకుండా విని ఆనందించింది ఆ పాటే. దాన్ని లాసీ అంటారు. ఏ ముక్కా తీయకుండా నిండుగా పంపితే లాస్‌లెస్. దానికి పై మెట్టు హై రెజొల్యూషన్. అందులో మనిషి చెవికి అందని చప్పుళ్లు కూడా ఉంటాయట. గబ్బిలాలు వింటే చాలా సంతోషిస్తాయని నా అంచనా.

మా ఆయన పేరు భిక్షం. చౌటుప్పల్‌లో ఒక మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ కంట్రోల్ ఆఫీసరు. మాత్రల పొడిలో మలినం ఎంతుందో చూసి, ఎక్కువుంటే బ్యాచ్ మొత్తాన్ని ఫెయిల్ చేయడం ఆయన ఉద్యోగం. ఆ ఉద్యోగాన్ని గేటు దగ్గరే వదిలి రావాలని కంపెనీవాళ్లు చెప్పలేదు కాబోలు, ఇంటికి కూడా తెచ్చుకున్నాడు. ముందుగా నా ఫోనులో పాటలన్నీ ఫెయిలయ్యాయి. తర్వాత బతుకమ్మ నాడు మా వాడకట్టు ఆడవాళ్లం పాడుకుంటూ రికార్డు చేసుకున్న పాట ఫెయిలైంది. "గిది పాటనా? గాలి మోత తప్ప ఏమున్నది?" అన్నాడు. నిజమే మరి. అందులో ఉన్నది మేమే కదా!

లాస్‌లెస్ వల్ల కలిగిన మొదటి లాభం నిశ్శబ్దం. పాట వెనక ఏ చప్పుడూ ఉండకూడదు. కాబట్టి మే నెలలో ఫ్యాను బంద్! దాని రెక్కల చప్పుడులో వయొలిన్ మునిగిపోతుందట. మిక్సీ బంద్. రోట్లో నూరుకుందామంటే రోలు కూడా బంద్. కుక్కరు కూత పెట్టకముందే పొయ్యి ఆర్పేయాలి కనుక పప్పు పలుకు పలుకుగా తింటున్నాం, పళ్లకు మంచి వ్యాయామం. హైవే మీద లారీలను కూడా ఆపించాలని ఆయనకు ఉంది. దానికి విజయవాడ దాకా మాట్లాడుకోవాల్సి వస్తుందని ఊరుకున్నాడు.

రెండో లాభం కుర్చీ. రెండు స్పీకర్లకు సరిగ్గా మధ్యలో ఒక కుర్చీ వేశాడు. అందులో కూర్చుంటేనే అసలు సంగీతం వినిపిస్తుందట. పక్కన కూర్చుంటే చెవుల్లో పడేది ఉత్త చప్పుడేనట. అందుకని నేనూ మా అమ్మాయి మల్లికా వంటింట్లో కూర్చుంటున్నాం. ఇంటిల్లిపాదీ ఒకచోట చేరి కబుర్లు చెప్పుకునే ఆ అనాగరికపు అలవాటు అలా వదిలింది.

మల్లిక ఈ ఏడే పదో తరగతి పాసైంది. దాన్ని హైదరాబాదులో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో వేయాలని మా ఆయన సీటు మాట్లాడి పెట్టాడు. పిల్లకేమో హాస్టలంటే భయం. మా ఊళ్లోనే సర్కారు కాలేజీ ఉంది, నడిచి పోయి రావచ్చు, అక్కడే చదువుకుంటానంటుంది. నాకూ అదే ఇష్టం. ఈ మాట వాళ్ల బాపుకు చెప్పాలి. ఎప్పుడు చెప్పాలి? పాటకూ పాటకూ మధ్య చెబుదామంటే, ఆయన కొన్న యంత్రంలో పాటకూ పాటకూ మధ్య సందే ఉండదు. అదే దాని గొప్పదనమట!

ఆదివారాలు ఖాళీగా ఉంటాడనుకున్నాం. ఆదివారం చర్చాగోష్ఠి. పక్కింటి లతీఫ్ భాయ్ వస్తాడు. అదే ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పని. ఆయనది లాసీ పార్టీ.

"భిక్షమన్నా, కసమ్‌సే చెప్తున్న, నాకైతే రెండిట్ల ఫరక్ తెలుస్తలేదు," అంటాడు లతీఫ్ భాయ్.

"మా మర్రిగూడ నీళ్లు ఎరుకనే గద? గ్లాసుల పోస్తే తెల్లగనే కనపడుతుండె. లోపలికి పోయి బొక్కలు పాడుచేసినయి. లాసీ పాట గూడ గంతే. ఇయ్యాల తెల్వది, ముసలితనంల తెలుస్తది," అంటాడు మా ఆయన.

ఆ ఫ్లోరైడు నీళ్లు తాగి ఎముకలు పాడై, నడుము వంగి, చివరి రోజుల్లో గోడ పట్టుకుని నడిచిన మా అత్త సైదమ్మ ఈ మాట వినకుండానే పోయింది. అదృష్టవంతురాలు. తన మోకాళ్లను కొడుకు ఒక పాట ఫైలుతో పోల్చాడని తెలిస్తే ఆ గోడ వదిలేసి చేతికర్ర అందుకునేది.

ఒక ఆదివారం లతీఫ్ భాయ్ పరీక్ష పెట్టాడు. ఒకే పాటను లాసీలో ఒకసారి, లాస్‌లెస్‌లో ఒకసారి వినిపిస్తాడు. ఏది ఏదో చెప్పడు. మొదటిది విని మా ఆయన పెదవి విరిచాడు. రెండోది మొదలవగానే కళ్లు మూసుకున్నాడు.

"గిదీ! పాట వెనక సన్నగ వినొస్తలేదా? స్టూడియో గాలి! పాడెటాయన పీల్చిన గాలి గూడ పట్టుకున్నది!"

నేను వంటింట్లో వెనక్కి తిరిగి చూశాను. మల్లిక నీళ్ల ఫిల్టరు ఆన్ చేసి బిందె పెట్టింది. సన్నగా సుయ్యిమంటోంది. ఆపేశాను.

"అగో, ఊపిరి బిగబట్టిండు!" అన్నాడు మా ఆయన, పరవశంగా.

లతీఫ్ భాయ్ ఫోను తిప్పి చూపించాడు. "అన్నా, రెండోది లాసీ."

మా ఆయన ఒక్క క్షణం కూడా తొణకలేదు. "చూసినవా మరి! లాసీల నుంచి గూడ గాలి గుంజిందంటే నా సిస్టం ఎంత మంచిదో!" అన్నాడు. ఇలాంటి మనిషిని ఏ పరీక్షలో ఫెయిల్ చేయగలం చెప్పండి?

హాస్టలుకు పంపే రోజు దగ్గరపడింది. చివరికి మల్లికే ధైర్యం చేసింది. ఒక సాయంత్రం వెళ్లి ఆ కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. ఆయన తల మీద పెద్ద హెడ్‌ఫోన్లు ఉన్నాయి. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"బాపు, నేను హాస్టల్‌ల ఉండలేను. ఈడనే కాలేజీకి పోత. మంచిగ చదువుకుంట, ఒట్టు."

ఆయన తలూపాడు.

"అంటే పంపియ్యవు గద?"

మళ్లీ ఊపాడు. ఈసారి చిరునవ్వు కూడా నవ్వాడు. పిల్ల ఎగురుకుంటూ వచ్చి నన్ను వాటేసుకుంది. సర్దిన బట్టలన్నీ తీసి మళ్లీ బీరువాలో పెట్టుకుంది. రెండు జడలు వేసుకుని స్నేహితుల ఇళ్లన్నీ తిరిగి చెప్పి వచ్చింది. నేనూ నమ్మాను. మనిషన్నాక తలూపితే ఒప్పుకున్నట్టే కదా!

వెళ్లాల్సిన రోజు మా ఆయన ట్రంకుపెట్టె పట్టుకుని హాల్లో నిలబడ్డాడు. "ఇంక తయారు గాలే?"

"ఒప్పుకున్నవ్ గద బాపు! తల గూడ ఊపినవు!"

"నేనా? ఎప్పుడు?" కాసేపు ఆలోచించాడు. గుర్తొచ్చింది. "అరె, గది తబలకు ఊపిన బిడ్డా!"

ఆ తబలా వాయించిన మహానుభావుడు ఎవరో నాకు తెలియదు. ఎక్కడో స్టూడియోలో ఆయన వేలి కొన తగిలిన చప్పుడు కూడా చౌటుప్పల్‌లో మా ఆయన చెవికి క్షేమంగా చేరింది. మోకాలి పక్కన కూర్చున్న కూతురి మాట చేరలేదు. నేను చెప్పాను, బతిమాలాను, అరిచాను. "సీటు తీసుకున్నంక గిట్లనా?" అని కారు తీశాడు. దారి పొడవునా పాటలే. వెనక సీట్లో పిల్ల కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

హాస్టల్లో ఆదివారం పూటే ఫోను చేయనిస్తారు. మొదటి ఆదివారం ఫోను మోగగానే మా ఆయన దాన్ని తన పెద్ద స్పీకర్లకు కలిపాడు. "బిడ్డ గొంతు మంచిగ వినాలె," అన్నాడు. ఆ ఒక్క మాటకు నేను అన్నీ మరిచిపోయేదాన్నే.

"బాపు... మంచిగనే ఉన్న... తిన్న..."

మాట మాటకూ ఆగిపోతోంది. ఆయన కళ్లు మూసుకుని శ్రద్ధగా విన్నాడు.

"సిగ్నల్ మంచిగ లేదు. నడుమ నడుమ తెగుతాంది. కంప్రెషన్ ఎక్కువైంది."

"అది ఏడుస్తాందయ్యా!" అన్నాను.

"కాదే, సిగ్నల్."

అంతలో గోడ అవతల నుంచి లతీఫ్ భాయ్ భార్య రిజ్వానా కేకేసింది. "వదినే! మల్లిక ఎందుకేడుస్తాంది?"

మా ఆయన చటుక్కున కళ్లు తెరిచాడు. ముఖం వెలిగిపోయింది.

"గోడ అవతలికి గూడ గంత క్లియర్‌గ వినొచ్చిందా!"

పాఠకులారా, ఆ క్షణంలో స్పీకర్లను రోడ్డు మీదికి విసిరేద్దామన్నంత కోపం వచ్చింది. విసరలేదు. లాస్‌లెస్ నిజంగానే వరమని నాకు అర్థమైంది అప్పుడే. మర్నాడు పొద్దున బస్సెక్కి హైదరాబాదు పోయి, వార్డెన్‌తో గట్టిగా మాట్లాడి పిల్లను తెచ్చుకున్నాను. సాయంత్రం ఆయన కుర్చీలో పాట వింటుండగా, ట్రంకుపెట్టె ఈడ్చుకుంటూ ఇద్దరం హాల్లోంచే వచ్చాం. మల్లిక భయపడుతూ తండ్రి ఎదురుగా వెళ్లి నిలబడింది. ఆయన కళ్లు సగం తెరిచాడు.

"జర పక్కకు జరుగు బిడ్డా, స్పీకరుకు అడ్డమున్నవు," అన్నాడు.

పిల్ల పక్కకు జరిగింది. తెల్లారి నుంచి మా ఊరి కాలేజీకే పోతోంది.